సీతమ్మధార ఆదివారం ఇంగ్లిష్ క్లాసు: ఎనిమిది వారాలు వెళ్లొచ్చాక

ముందే చెప్పేస్తాను, ఇది స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు కాదు. ముప్పై రోజుల్లో గడగడా మాట్లాడించేస్తామనే పోస్టర్లు చూసి ఇదీ అలాంటిదే అనుకుని వెళ్తే నిరాశ పడతారు. విశాఖపట్నం సీతమ్మధారలో రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్ ఒకాయన తన ఇంటి మేడ మీద గదిలో చెబుతారు. బయట బోర్డు లేదు, పేరు లేదు, ఒకరు చెబితే ఇంకొకరు వెళ్తారు. ఆదివారం పొద్దున్న ఎనిమిది నుంచి పది దాకా, ఎనిమిది వారాలు, మొత్తానికి 2,400 రూపాయలు. చెప్పేది ఒక్కటే విషయం, మనకి ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే ఇంగ్లిష్ మాటల్లో ఏది ఎక్కడ వాడాలి, రెండోది అక్కడ ఎందుకు కుదరదు. డిసెంబరులో నా బ్యాచ్ అయిపోయింది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు ఎలా ఉందని అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

నేనెందుకు వెళ్లానో చెబితే ఈ క్లాసు ఎవరికి పనికొస్తుందో మీకే తెలుస్తుంది. నేను పోర్టు ఏరియాలో ఒక సీహెచ్ఏ ఆఫీసులో, అంటే సరుకులకి కస్టమ్స్ క్లియరెన్స్ చేయించే ఆఫీసులో, డాక్యుమెంటేషన్ చూస్తాను. మాది పలాస వైపు, పదో తరగతి దాకా తెలుగు మీడియం. మా దగ్గరకొచ్చే సరుకుల్లో ఆఫ్రికా నుంచి దిగే జీడిపిక్కలు ఒకటి, అవి ఇక్కడ క్లియర్ అయ్యాక పలాస ఫ్యాక్టరీలకి వెళ్తాయి. కిందటేడు ఒక కంటైనర్ తెరిస్తే పై వరస గోనెసంచులు తడిగా ఉన్నాయి. జీడిపిక్కల్లో ఉండాల్సిన దానికంటే తేమ ఎక్కువుంటే దారిలో అది ఆవిరై పైకి లేస్తుంది, రాత్రి చల్లబడిన ఇనప కప్పుకి పట్టి బొట్లు బొట్లుగా మళ్లీ సంచుల మీదే రాలుతుంది, మా లైన్లో దాన్ని కంటైనర్ స్వెట్ అంటారు. సంచులు లోడింగుకి ముందే తడిసి ఉంటాయని సరుకు తెప్పించుకున్న పార్టీ అనుమానం, మా మేనేజర్‌ది కూడా అదే అనుమానం. సప్లయర్‌కి మెయిల్ పెట్టమన్నారు. నేను రాసిన వాక్యం ఇది: వియ్ డౌట్ దట్ ద బ్యాగ్స్ వర్ వెట్ బిఫోర్ లోడింగ్.

అనుమానం అంటే డౌట్, చిన్నప్పట్నుంచీ చదువుకున్నది అదే కదా. మర్నాడు అవతలి నుంచి జవాబు వచ్చింది. లోడింగుకి ముందు సంచులు పొడిగానే ఉన్నాయని మీరే ఒప్పుకున్నందుకు కృతజ్ఞతలు అని. నాకు అర్థమే కాలేదు. మా మేనేజర్ రెండుసార్లు చదివి తల పట్టుకున్నారు. నేను రాసిన దానికి అర్థం, సంచులు ముందే తడిసి ఉంటాయని మేము అనుకోవడం లేదు అని! చెప్పాలనుకున్న దానికి సరిగ్గా తలకిందులు. ఆ క్లెయిమ్ నెలల తరబడి లాగింది, అడిగినంత రాలేదు. అంతా ఆ ఒక్క మాట వల్లే అని చెప్పలేను, వేరే కాగితాల్లో కూడా లోపాలున్నాయి. కానీ అవతలి వాళ్లు ప్రతిసారీ ఆ మెయిలే తీసి చూపించారు. ఆ పార్టీ ఆయన మా ఊరి వైపు మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు, అనకపోవడం వల్లే నాకు ఇంకా బాధేసింది.

అంతకుముందు నేను ఇంగ్లిష్ నేర్చుకోకుండా లేను. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో మూడు నెలలు వెళ్లాను. పేరు ఎందుకులెండి. అక్కడ సినానిమ్స్ అని ఒక మందపాటి స్పైరల్ బుక్ ఇచ్చేవారు. బిగ్ ఈక్వల్ టు లార్జ్ ఈక్వల్ టు గ్రేట్ ఈక్వల్ టు హ్యూజ్, పక్కన తెలుగులో 'పెద్ద'. రోజుకి యాభై చొప్పున బట్టీ పట్టించి శనివారం టెస్టు పెట్టేవారు. నాకు నలభైకి తగ్గేవి కావు. బిగ్ మిస్టేక్ అంటారు గానీ లార్జ్ మిస్టేక్ అనరని ఆ మూడు నెలల్లో ఎవరూ ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ ఈక్వల్ టు గుర్తు మీద నాకు ఇప్పటికీ కోపమే. బ్యాంకు పరీక్షల్లో బిట్ పెట్టడానికి అది సరిపోతుందేమో, మనిషికి ఉత్తరం రాయడానికి మాత్రం సరిపోదు.

ఇక క్లాసు సంగతి. మొదటి ఆదివారం మేష్టారు ఇంగ్లిష్ పుస్తకమే తెరవలేదు. ఎవరేం పని చేస్తారు, ఏ మాట దగ్గర దెబ్బ తిన్నారు అని ఒక్కొక్కరినీ అడిగారు. నా వంతు వచ్చినప్పుడు మెయిల్ సంగతి చెప్పాను, చెబుతుంటే గొంతు పట్టేసింది. ఆయన నింపాదిగా విని, "అనుమానం అనే మాట పెట్టి తెలుగులో ఒక వాక్యం చెప్పమ్మా" అన్నారు. "పాలబ్బాయి నీళ్లు కలుపుతున్నాడని అనుమానం" అన్నాను. పక్కనున్న అబ్బాయిని కూడా అడిగితే "మా తమ్ముడు పండక్కి వస్తాడో రాడో అనుమానమే" అన్నాడు. రెండూ బోర్డు మీద రాసి, "అమ్మా, నీళ్లు కలుపుతున్నాడనుకుంటున్నావా, కలపట్లేదనుకుంటున్నావా?" అని అడిగారు. కలుపుతున్నాడనే అన్నాను. "బాబూ, తమ్ముడు వస్తాడనా, రాడనా?" అంటే వాడు రాడేమోనండి అన్నాడు. "మరి ఇద్దరూ వాడింది అనుమానం అన్న మాటే కదా, తేడా ఎక్కడుంది?"

అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు. చూస్తే తేడా ఆ మాటలో లేదు, దాని ముందున్న చిన్న ముక్కలో ఉంది. 'కలుపుతున్నాడని' అన్నప్పుడు మనసు అవును వైపు మొగ్గింది, 'వస్తాడో రాడో' అన్నప్పుడు కాదు వైపు మొగ్గింది. మనం ఆ 'అని'తోనూ ఆ 'ఓ'తోనూ చేసే పనిని ఇంగ్లిష్ వాళ్లు రెండు వేరే మాటలు పెట్టుకుని చేస్తారు. అవునేమో అనుకుంటే సస్పెక్ట్, కాదేమో అనుకుంటే డౌట్. ఐ డౌట్ హీ ఈజ్ యాడింగ్ వాటర్ అంటే పాలబ్బాయి మంచివాడని మనమే పూచీ ఇచ్చినట్టు. ఇంత తేలిక విషయం నాకు ఇరవయ్యేళ్ల చదువులో ఎవరూ చెప్పలేదు, పైగా ఆయన కొత్తగా చెప్పిందేమీ లేదు, నాకు తెలిసిన తెలుగునే నాకు చూపించారు. ఆ రోజు మెట్లు దిగుతుంటే ఏదో బరువు దిగినట్టనిపించింది.

క్లాసు మొత్తం ఇదే పద్ధతి. ఇంగ్లిష్ మాటల జట్టు ఒకటి తీసుకుంటారు, దానికి ముందు మన ఇళ్లలో ఆ విషయానికి ఎన్ని మాటలున్నాయో మనచేతే చెప్పిస్తారు, ఒక్కోటి ఎప్పుడు వాడతామో తవ్వుతారు, అప్పుడు ఇంగ్లిష్‌కి వెళ్తారు. మనకి తేడాలు పట్టుకునే చెవి లేక కాదు తప్పులు వచ్చేది, తెలుగులో ఆ చెవి అందరికీ ఉంది, ఇంగ్లిష్ దగ్గరకొచ్చేసరికి దాన్ని మూసేసుకుని బట్టీకి దిగుతాం అంటారాయన. ఈ ఎనిమిది వారాల్లో నాకు బాగా పనికొచ్చిన మాట ఇదే.

రెండో వారం తడి, చెమ్మ, తేమ తీసుకున్నారు, నా కంటైనర్ కథ విన్నాక నాకోసమే తీశారేమో తెలీదు. తడి గుడ్డ అంటాం, పిండితే నీళ్లు వస్తాయి, అది వెట్. చెమ్మ పట్టిన గోడ అంటాం, నీళ్లు కనపడవు, చెయ్యి పెడితే తెలుస్తుంది, పైగా అక్కడ ఉండకూడనిది, అది డ్యాంప్. విత్తనం వెయ్యడానికి నేలలో తేమ ఉందా అని చూస్తాం, ఉండాల్సినంత ఉంటే మంచిదే, అది మాయిస్ట్. కేకు మాయిస్ట్‌గా ఉందంటే మెచ్చుకోలు, డ్యాంప్‌గా ఉందంటే పారెయ్యమని. గాలికైతే హ్యూమిడ్, దానికి మేష్టారు వేరే ఉదాహరణ చెప్పక్కర్లేకపోయింది, మే నెలలో వైజాగ్ ఉక్క ఎవరికి తెలీదు. ఇక మాయిశ్చర్ అన్న నామవాచకానికి మంచీ చెడూ లేవు, అది కొలత, అందుకే ల్యాబ్ రిపోర్టుల్లో మాయిశ్చర్ ఇంత శాతం అని రాస్తారు.

ఇదంతా విన్నాక నాకు పాడైన సరుకు చూసి రాసే మా సర్వేయర్ రిపోర్టులు మొదటిసారి అర్థమయ్యాయి. ఆయన వెట్ అని ఒకచోట, డ్యాంప్ టు టచ్ అని ఇంకోచోట ఊరికే మార్చి రాయలేదు, ప్రతిదీ చూసి రాశారు. తడిసిన సంచి మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే పాలలా తెల్లబడితే ఉప్పునీళ్లన్నమాట, అంటే సముద్రం నీళ్లు లోపలికి వచ్చి ఉండొచ్చు, తెల్లబడకపోతే వాన నీళ్లో స్వెట్టో. నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్నది అక్కడే తేలుతుంది. అంత జాగ్రత్తగా ఆయన రాసిన దాన్ని నేను మెయిల్‌లో అన్నింటికీ కలిపి వెట్ అని కొట్టేసేదాన్ని.

మూడో వారం నర్సుగా చేసే ఒకమ్మాయి కోసం నొప్పి తీసుకున్నారు. ఆ అమ్మాయి విదేశం వెళ్లే ప్రయత్నంలో ఉంది. నాకు ఎనిమిది క్లాసుల్లో బాగా నచ్చింది ఇదే. తెలుగులో ఎన్ని ఉన్నాయో చెప్పండి అంటే గది గదంతా లేచింది. నొప్పి, పోటు, సలుపు, మంట, పీకుడు, తీపు, తిమ్మిరి, గుంజడం, నస. తలపోటు అంటాం, కాలిపోటు అనం. గాయం సలుపుతుంది, కడుపు సలపదు. కాళ్లు పీకుతాయి, కళ్లు పీకవు, మండుతాయి. మా అమ్మ డాక్టరు దగ్గర ఈ మాటలన్నీ వాడుతుంది, మేము ఇంగ్లిష్‌లోకి మార్చి అన్నింటికీ పెయిన్ అని చెప్పేస్తాం, పాపం డాక్టరుకి సగం సమాచారం అక్కడే పోతుంది.

ఇంగ్లిష్‌లో పెయిన్ అన్నింటికంటే వెడల్పు మాట, మనసు బాధకి కూడా పెయిన్ అనొచ్చు. ఏక్ అంటే అదే పనిగా సన్నగా ఉండే నొప్పి. హెడేక్, టూతేక్, బ్యాకేక్, ఇయరేక్, స్టమక్ ఏక్ ఉన్నాయి గానీ కాలికి చేతికి అలా అతికించరు, మై లెగ్ హర్ట్స్ అనో పెయిన్ ఇన్ మై లెగ్ అనో అంటారు. సోర్ అంటే ఒరిపిడి వల్లో వాపు వల్లో ముట్టుకుంటే నొప్పెట్టేది, గొంతు నొప్పికి సోర్ త్రోట్ అంటారు, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మర్నాడు ఒళ్లంతా పట్టేస్తుందే అదీ సోరే. త్రాబింగ్ అంటే మన పోటు, సలుపు, గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి వచ్చేది. మంటకి బర్నింగ్. ఆ అమ్మాయి నోట్సులో రెండు పేజీలు నిండాయి. రోగి చెప్పిన మాటని సరిగ్గా ఆ మాటగానే రాయగలగడం తన పనిలో ఎంత ముఖ్యమో తను చెబుతుంటే మేమంతా వింటూ కూర్చున్నాం, ఆ రోజు క్లాసు పదింపావుకి గానీ వదల్లేదు.

నాలుగో వారం కాదనడం గురించి. రిఫ్యూజ్, డిక్లైన్, రిజెక్ట్, డినై. మా స్పైరల్ బుక్‌లో నాలుగింటికీ 'తిరస్కరించు' అనే ఉండేది. ఎవరైనా భోంచేసి వెళ్లండి అంటే ఇప్పుడే తినేసి వచ్చామండీ అంటాం, తిని ఉండకపోయినా అంటాం, అది డిక్లైన్. అన్నం తినమని ఎంత బతిమాలినా పిల్లాడు ససేమిరా అంటాడు, అది రిఫ్యూజ్. కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయ తీసి పక్కన పడేస్తాం, అది రిజెక్ట్, పనికిరాదని తేల్చి తోసెయ్యడం. గ్లాసు పగలగొట్టి నేను కాదు అనడం డినై. ఇలా చెప్పాక ఎవరు మర్చిపోతారు? ఆఫీసులో మేము ఎవరి కొటేషనైనా వద్దనుకున్నప్పుడు వియ్ రిజెక్ట్ యువర్ ఆఫర్ అని రాసేసేవాళ్లం. పుచ్చు వంకాయలా తోసేశామన్నమాట. ఇప్పుడు డిక్లైన్ రాస్తున్నాను.

ఐదో వారం కొంచెం చరిత్ర. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక రాజుల ఇళ్లలోనూ కోర్టుల్లోనూ ఫ్రెంచి మాట నడిచింది, కింద జనం వాళ్ల పాత మాటే మాట్లాడుకున్నారు, ఆ పైన చదువుల్లోంచి లాటిన్ వచ్చి చేరింది, అందుకే ఒక్కో విషయానికి రెండు మూడు మాటలు మిగిలాయి. ఆస్క్ పాతది, క్వశ్చన్ ఫ్రెంచి దారిన వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్. అమ్మ అడిగితే ఆస్క్, పోలీసులు కూర్చోబెట్టి అడిగితే ఇంటరాగేట్. ఇదంతా మనకి కొత్త కాదు కదా. మనకీ ఇంటి మాట ఒకటి, సంస్కృతం నుంచి వచ్చినది ఒకటి ఉంటాయి. పెళ్లిచూపులు అంటాం, వివాహచూపులు అని ఎవరూ అనరు. కార్డు మీద మాత్రం వివాహ మహోత్సవం అనే వేయిస్తాం. ఇల్లు కట్టి గృహప్రవేశం చేస్తాం. దాహమేస్తే జలం అడగం.

అలాగే స్టార్ట్, బిగిన్ పాత ఇంటి మాటలు, కమెన్స్ ఫ్రెంచి నుంచి వచ్చిన పట్టుబట్టల మాట. ఓడ సరుకు దింపడం మొదలుపెట్టిన టైము రాసే కాగితంలో కమెన్స్‌డ్ డిశ్చార్జ్ అని ఎందుకుంటుందో, ఫోన్లో మాత్రం స్టార్ట్ అయిందా అని ఎందుకు అడుగుతామో నాకు అప్పుడు తెలిసింది. బిగిన్‌కి, స్టార్ట్‌కి కూడా తేడా ఉంది, బండిని స్టార్ట్ చేస్తాం, బిగిన్ చెయ్యలేం.

ఇదే వారంలో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాస్తున్న అబ్బాయికీ మేష్టారికీ కాస్త వాదన జరిగింది. పెద్ద పెద్ద మాటలు వాడితే బ్యాండ్ స్కోరు పెరుగుతుంది కదండీ అంటాడు అతను. ఆ పరీక్షలో రైటింగ్‌కి చూసే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి, అంటే పావు వంతు మార్కులు, అది నిజమే. కానీ అందులో మాట పక్కన మాట సరిగ్గా కుదిరిందా లేదా అన్నది కూడా చూస్తారు. మేష్టారు అప్పుడు హుద్‌హుద్ తుఫాను గుర్తు చేశారు. 2014 అక్టోబరు 12న ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ గాలి చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. ఆ రోజు గాలిని స్ట్రాంగ్ విండ్ అనాలి, వానని హెవీ రెయిన్ అనాలి, తిరగేసి హెవీ విండ్, స్ట్రాంగ్ రెయిన్ అంటే అర్థమవుతుంది గానీ చెవికి తగులుతుంది. మనం ఈదురుగాలి, కుండపోత వాన అంటామే గానీ ఈదురువాన, కుండపోత గాలి అనం కదా, అంతే. మాట ఒక్కటే నేర్చుకోవద్దు, దాని చుట్టం ఎవరో కూడా నేర్చుకో అన్నారు ఆ అబ్బాయితో.

ఆరో వారం నేనొక పాఠం చెప్పాల్సి వచ్చింది. మేష్టారు మా ఫీల్డులో ఒకేలా ఉండే మాటలు ఏమున్నాయని అడిగితే డెమరేజ్, డిటెన్షన్ అన్నాను. ఆయనకి తేడా తెలీదు, తెలీదని అక్కడే చెప్పి చాక్‌పీసు నా చేతికిచ్చారు. దిగుమతి కంటైనర్ల లెక్కలో, ఫ్రీ డేస్, అంటే చార్జీ పడని రోజులు, దాటాక కంటైనర్ ఇంకా టెర్మినల్ లోపలే ఉంటే పడేది డెమరేజ్, బయటికి తీసుకెళ్లి ఖాళీది టైముకి తిరిగివ్వకపోతే పడేది డిటెన్షన్. రెండూ ఆలస్యానికి కట్టే డబ్బే, కానీ ఎక్కడ ఆలస్యమైందన్నది వేరు. ఆయన అది తన నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి నా దగ్గర రాసుకోవడం చూసి నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

పుస్తకాల గురించి ఒక మాట. చాలామంది థెసారస్, అంటే ఒకే అర్థం మాటలన్నీ గుంపులుగా ఇచ్చే పుస్తకం, కొనేస్తే సరిపోతుంది అనుకుంటారు, నేనూ పాతపుస్తకాల షాపులో ఒకటి కొన్నాను. 1852లో పీటర్ మార్క్ రోజే అనే ఇంగ్లిష్ డాక్టరు వేసిన పుస్తకం అలాంటి వాటికి తలమానికం, లోకంలో ఉన్న భావాలన్నింటినీ 1,000 శీర్షికల కింద సర్దాడాయన. గొప్ప పనే. అయితే అందులో మాటల గుంపులుంటాయి గానీ తేడాలు చెప్పడు, భాష ముందే వచ్చినవాడికి నోటి దాకా వచ్చి ఆగిన మాటని అందివ్వడానికి చేసింది అది. మన అమరకోశం కూడా అంతే, వరసగా పర్యాయపదాలు చెబుతుంది, ఏది ఎక్కడ అన్నది గురువు దగ్గర కూర్చుని తెలుసుకోవాలి. నాలాంటి వాళ్లకి కావలసింది లెర్నర్స్ డిక్షనరీ. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన హార్న్‌బీ అనే ఆయన విద్యార్థుల కోసం చేసిన డిక్షనరీ 1942లో మొదట అక్కడే అచ్చయింది, ఇప్పుడు మనం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ అని కొనేది అదే పెరిగి పెద్దదైనది. మేష్టారు అందులో అర్థం కంటే ముందు ఉదాహరణ వాక్యాలు చదవమంటారు. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను, ఫోన్లో ఉన్న డిక్షనరీతో కూడా.

ఫోన్లో అడిగితే అన్నీ చెప్పేస్తుంది కదా, ఆదివారం నిద్ర పాడు చేసుకోవడం ఎందుకు అని మా చెల్లి అడిగింది. నిజమే, డౌట్‌కీ సస్పెక్ట్‌కీ తేడా ఏంటని అడిగితే క్షణంలో చెబుతుంది. కానీ ఆ రోజు మెయిల్ రాస్తున్నప్పుడు నాకు అడగాలని తోచలేదు. తప్పు మాట తప్పుగా అనిపించదు, అదే దీనితో వచ్చిన చిక్కు. ఎక్కడ ఆగి అడగాలో తెలియడం ఈ క్లాసులో వచ్చింది. ఇప్పుడు మెయిల్ పంపే ముందు రెండు మూడు మాటల దగ్గర చెయ్యి దానంతట అదే ఆగుతోంది.

లోపాలు కూడా చెప్పాలి. నోట్సు ఇవ్వరు, అంతా మనమే రాసుకోవాలి, ఆయన చెప్పే వేగానికి రాయడం కష్టం. ఒక వారం మానేస్తే ఆ పాఠం పోయినట్టే, మళ్లీ చెప్పరు. నేను ఏడో వారం ఓడ పని మీద మానేశాను, చూడటానికి సంబంధించిన సీ, లుక్, వాచ్, గేజ్ అన్నీ పోయాయి. అమెరికా ఇంగ్లిష్ గురించి దాదాపు ఏమీ చెప్పరు. రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్‌లో చేసే ఇద్దరు అమెరికా క్లయింట్లతో మాట్లాడేవాళ్లు, వాళ్లకి అది వెలితిగానే అనిపించింది, అడిగితే నాకు ఆ చెవి లేదమ్మా అని ఒప్పుకున్నారు. చివరి వారం మర్యాదగా అడగడం, గట్టిగా అడగడం, రిక్వెస్ట్, డిమాండ్, ఇన్‌సిస్ట్, అర్జ్, ఇవన్నీ రెండు గంటల్లో కుక్కేశారు. ఆఫీసులో ఉత్తరాలు రాసేవాళ్లకి అన్నింటికంటే కావలసింది అదే, కనీసం రెండు వారాలు ఇవ్వాల్సింది. నేనీ మాట ఆయనకే చెప్పాను, వచ్చే బ్యాచ్‌కి చూస్తానన్నారు.

గ్రామర్ బొత్తిగా రాని వాళ్లు మొదట వేరేచోట అది నేర్చుకుని రండి, మా బ్యాచ్‌లో ఒకబ్బాయి రెండు వారాలకే మానేశాడు, తప్పు అతనిది కాదు. సర్టిఫికెట్ ఏమీ రాదు. గదిలో ఏసీ లేదు, రెండు ఫ్యాన్లే. బళ్లు పెట్టుకోవడానికి వీధిలో చోటు తక్కువ, బస్సులో రావడమే నయం.

అయినా ద్వారకానగర్‌లో నేను కట్టిన దాంట్లో మూడో వంతు కూడా కాదు ఈ ఫీజు, నేర్చుకున్నది దానికి పదింతలు. ఉత్తరాలు, రిపోర్టులు రాసేవాళ్లు, రోగులతోనో కస్టమర్లతోనో మాట్లాడేవాళ్లు, పిల్లలకి ఇంగ్లిష్ చెప్పే టీచర్లు, వీళ్లు తప్పకుండా వెళ్లండి. ముఖ్యంగా టీచర్లు. ఆ ఈక్వల్ టు గుర్తు మళ్లీ ఇంకో తరం నోట్‌బుక్కుల్లోకి వెళ్లకుండా ఆపగలిగేది వాళ్లే.

పోయిన నెల మళ్లీ జీడిపిక్కల కంటైనర్ ఒకటి వచ్చింది, మూడు సంచులు పాడయ్యాయి. ఈసారి వియ్ సస్పెక్ట్ దట్ దీజ్ త్రీ బ్యాగ్స్ వర్ ఆల్రెడీ డ్యాంప్ వెన్ దే వర్ లోడెడ్ అని రాశాను, సర్వేయర్ ఫొటోలు జత చేశాను. జవాబు ఇంకా రాలేదు. వాళ్లు ఒప్పుకుంటారో లేదో అనుమానమే, అంటే డౌట్.

కొత్త బ్యాచ్ సంక్రాంతి తర్వాత మొదలవుతుందట. పదిహేను మందినే తీసుకుంటారు, కుర్చీలు పన్నెండే ఉన్నాయి, ఆలస్యంగా వెళ్తే చాప మీద కూర్చోవాలి. 200 పేజీల నోట్‌బుక్ ఒకటి, మీకు బాగా దెబ్బ కొట్టిన ఇంగ్లిష్ మాట ఒకటి తీసుకెళ్లండి, మొదటి రోజు అడిగేది అదే.